పక్క సీటులో ఎవరు?

ఇరవై ఏళ్లొచ్చినా సింధు ఒంటరిగా రాజాం బస్టాండు దాటి ఎరగదు. ట్యూషన్‌కి డ్రైవరు తోడు, కాలేజీకి బాబాయి కొడుకు కళ్యాణ్ తోడు, పక్క వీధిలో జాకెట్టు కుట్టడానికి ఇచ్చి రావాలన్నా నానమ్మ బుల్లమ్మ తోడు. ఆమె తండ్రి రమేష్‌బాబుకి మెయిన్‌రోడ్డు మీద స్టీలు సామాన్ల కొట్టుంది. ఆయన గ్లాసుల్ని కూడా విడిగా అమ్మడు, సెట్టుగానే అమ్ముతాడు. పిల్లల విషయంలోనూ ఆయనది అదే పద్ధతి.

అలాంటి మనిషి కూతుర్ని పైలట్ శిక్షణలో ఎందుకు చేర్పించాడంటే, నరసన్నపేటలో తోడల్లుడి కొడుక్కి మెడికల్ సీటొచ్చింది గనక. డాక్టర్ని మించినది ఏదో ఒకటి ఇంట్లో ఉండాలి కదా! చీపురుపల్లి అవతల పాత ఎయిర్‌స్ట్రిప్‌లో కొత్తగా పెట్టిన శిక్షణ సంస్థలో, వార్డెన్ కాపలా ఉన్న హాస్టలు చూసుకుని మరీ చేర్పించాడు. ఆ మర్నాడే కొట్టు బోర్డు మీద తన పేరు కింద ‘కెప్టెన్ సింధు గారి తండ్రి’ అని రాయించుకున్నాడు. ఆ కెప్టెన్‌గారికి అప్పటికి విమానం తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలీదు.

తర్వాత నేర్చుకుంది. మొదట్లో ఆమె దించితే విమానం రన్‌వే మీద గెంతులేసేది. ఎయిర్‌ఫోర్సులో చేసి రిటైరైన ఇన్‌స్ట్రక్టర్ జయకృష్ణ పక్క సీటులో కూర్చుని దేవుళ్లని పేరుపేరునా పిలిచేవాడు. ఈమధ్య ఆయన ఆవలిస్తున్నాడు. ఆ విద్యలో అంతకు మించిన మెప్పు లేదు. చివరికి ఒక సాయంత్రం అన్నాడు: “రేపు గాలి అనుకూలంగా ఉంటే నేను దిగిపోతాను. నువ్వొక్కదానివే ఒక చుట్టు కొట్టి రా.”

దాన్ని సోలో అంటారు. పక్కన ఎవరూ లేకుండా విమానం లేపి, ఎయిర్‌స్ట్రిప్ చుట్టూ తిప్పి, దించడం. పైలట్ కావాలన్న కోరిక తండ్రిదైతే అయుండొచ్చు. ఈ ఒక్క చుట్టు మాత్రం సింధుది. బుద్ధెరిగాక ఆమె దేన్నీ ఇంతగా కోరుకోలేదు. ఆ సంతోషంలో ఒళ్లు తెలీక ఇంటికి ఫోన్ చేసి చెప్పేసింది.

తెల్లారేసరికి రెండు కార్లూ, ఒక ట్రాలీ ఆటో వచ్చి విమానాలుంచే హ్యాంగర్ ముందు ఆగాయి. పంతులుగారు, అరటిగెల, బూడిదగుమ్మడికాయ, పులిహోర గిన్నె, వీడియో తీసేవాడు, అన్నీ దిగాయి. రాజాంలో మోపెడ్ కొన్నా చక్రం కింద నిమ్మకాయ నలగందే రోడ్డెక్కదు, మరి ఇది విమానమాయె. వద్దనడానికి జయకృష్ణ నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోటికి ఎవరో ప్రసాదం అందించారు.

పూజయ్యాక రమేష్‌బాబు వినయంగా ఆయన దగ్గరికొచ్చాడు.

“సారూ, ఒక్క మాట. మీరు దిగిపోతే పిల్ల పక్కన ఎవులు కూకుంటారు?”

“ఎవరూ కూర్చోరండీ. సోలో అంటే అదే.”

“ఆడపిల్లని ఒక్కర్తినీ ఆకాశంలోకి ఒగ్గేస్తారేటి? సీటు కాళీగానే ఉన్నాది గదా. మా కళ్యాణ్ కూకుంటాడు. ఆడేటీ ముట్టుకోడు. తోడు, అంతే.”

“తోడుంటే సోలో కింద లెక్కకు రాదండీ.”

“పోనీ, ఆడ్ని సామాను కింద రాసుకోండి సారూ.”

సామాను అప్పటికే నల్లకళ్లద్దాలు పెట్టుకుని సిద్ధంగా ఉంది. సింధుకి ఒళ్లు మండిపోయింది.

“నాన్నా, ఆడెక్కితే నాను దిగిపోతాను. సెప్తన్నాను” అంది.

రమేష్‌బాబు బిత్తరపోయాడు. ఆ గొంతు ఆయనెప్పుడూ వినలేదు. కాసేపు నసిగి, “సరేలే. నాకు కనపడినంత దూరమే ఎల్లమ్మా” అని బేరం కుదుర్చుకున్నాడు.

ఎగిరేముందు పైలట్ విమానం చుట్టూ తిరిగి అన్నీ సరిచూసుకోవాలి. రెక్క కింద వేలంత గొట్టం ఒకటి ముందుకు పొడుచుకుని ఉంటుంది. దాని కంతలోకి గాలి పోతేనే లోపల ముల్లు వేగం చూపిస్తుంది. పురుగూ పుట్రా దూరకుండా దానికి ఎర్ర తొడుగు వేసి ఉంచుతారు. ఇప్పుడా తొడుగు లేదు. గొట్టం మొనకి దిట్టంగా పసుపు మెత్తి, పైన కుంకుమ బొట్టు పెట్టి ఉంది. కంత ఎక్కడుందో తెలీడం లేదు.

“ఈ తొడుగు ఎవులు తీసినారు?” అని కేకేసింది సింధు.

“నానే. ఎగిరే ముందు తీసేయాలని దాని మీదే ఇంగ్లీషులో రాసున్నాది గదా” అన్నాడు కళ్యాణ్, చదువుకున్నవాడు కాబట్టి.

“పసుపు నానెట్టినాను తల్లీ. అంత ఇమానానికీ నాకు అందినది అదొక్కటే” అంది బుల్లమ్మ మురిసిపోతూ.

జయకృష్ణ దూరంగా పంతులుగారికి చిక్కి ఉన్నాడు. ఆకాశం తేటగా ఉంది, ఆకు కదలడం లేదు. వానలు దగ్గరపడ్డాయి, మళ్లీ ఇలాంటి పొద్దు ఎప్పుడొస్తుందో. పైపైన తుడిచేస్తే ఎవరికీ తెలీదు. లోపలికి ఎంత పోయిందో సింధుకీ తెలీదు. రుమాలు తీసింది. చెయ్యి గొట్టం దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయి, ఏడుపు దిగమింగుకుని ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి నడిచింది.

“సార్, వేగం చూపించే గొట్టం పూడిపోయింది. ఈవేళ ఎగరను.”

మెకానిక్కు వచ్చి చూశాడు. పసుపు లోపలికంటా పోయింది, విప్పి పరీక్ష చేయించాలన్నాడు. సోలో రద్దయింది. ఇలాగే ఎగిరుంటే ప్రాణం మీదకొచ్చేదని సింధు తండ్రికి విడమర్చి చెప్పింది. రమేష్‌బాబు కళ్లు చెమర్చాయి. కూతురి తల నిమిరి, చుట్టాల వైపు తిరిగాడు.

“సూసినారా! ఏళకి పూజ సేయించబట్టి గొట్టం సంగతి బయటపడినాది. నేకపోతే నా పిల్ల ఏటైపోయీదో!”

పంతులుగారు తల ఊపారు. బుల్లమ్మ గొట్టానికి దండం పెట్టింది. ఈసారి ఇంతకు రెండింతలు చేయిస్తానని రమేష్‌బాబు అక్కడికక్కడే మొక్కుకున్నాడు. ఇంత ప్రేమతో ఎలా వేగాలో సింధుకి శిక్షణలో ఎవరూ నేర్పలేదు.

గొట్టం బాగుచేయించాక, వానలకు ముందే మరో మంచి పొద్దు దొరికింది. సింధు విమానం ఎక్కబోతుంటే తండ్రి నుంచి ఫోనొచ్చింది.

“ఏటమ్మా, ఎప్పుడట?”

“ఇంకా తెలీదు నాన్నా” అని ఫోన్ కట్టేసింది.

మొదట జయకృష్ణతో ఒక చుట్టు వేసింది. ఆయన దిగి తలుపు వేశాడు. విమానం తేలిగ్గా లేచింది. కింద మొక్కజొన్న చేలు, రైలుపట్టాలు, చీమల్లా లారీలు. సింధు గట్టిగా నవ్వింది. అంతలోనే ఏడ్చింది. ఏమైందని అడిగేవాళ్లు లేరు, అందుకని ఇంకాస్త ఏడ్చింది. ఆ తర్వాత కుదురుగా దిగింది.

అందరికంటే ముందు నాన్నకే చెప్పాలనిపించింది. ఫోన్ తీసి ఆయన పేరు దాకా వెళ్లింది. చెప్తే ఆయన ఎంత సంబరపడతాడో తెలుసు. తను లేకుండా జరిగిపోయిందని ఎంత కుంగిపోతాడో కూడా తెలుసు. ఫోన్ జేబులో పెట్టేసుకుంది. సాయంత్రం చేసి, సోలో రేపని చెప్తుంది. రేపు చుట్టాలందరి ముందూ మొదటిసారి ఒంటరిగా ఎగురుతున్నట్టు, భయంభయంగా, మళ్లీ ఎగరాలి.