నాగప్ప కోసం ఆగిన లారీ

నాగప్ప కుడి మణికట్టు విరిగింది రోడ్డు మీద కాదు, ఇంటి ముందు. పద్నాలుగేళ్లుగా దోహాలో హౌస్ డ్రైవర్‌గా బండి మీద ఒక్క గీత పడనివ్వని మనిషి, ఆ బండినే కడుగుతూ సబ్బు నీళ్లలో జారి పడ్డాడు. నలుగురిలో చెప్పుకోవడానికి కూడా సిగ్గే. రాయచోటిలో ఉన్న భార్యకైతే "ఏదో చిన్న దెబ్బలే" అని ఊరుకున్నాడు.

కట్టు విప్పిన డాక్టరు ఎముక బాగా అతుక్కుందన్నాడు, వేళ్లకే ఇంకా చురుకు రాలేదన్నాడు. ఆ సంగతి నాగప్పకు ఒకరు చెప్పాలా? టీ గ్లాసు అందుకోవాలని మనసు అనుకున్న కాసేపటికి గాని వేళ్లు కదలడం లేదు. ఇంటి యజమానురాలిని అతను మామా అంటాడు. అక్కడి డ్రైవర్లూ వంటవాళ్లూ పెద్దావిడను పిలిచే తీరే అది. ఆమె మంచి మనిషే. కానీ ముగ్గురు మనవలకు ఆదివారం నుంచి బడి మొదలు. "అప్పటికి చెయ్యి బాగైతే సరే. లేకపోతే వేరే డ్రైవర్‌ని పిలిపించాలి" అని మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పినంత మాత్రాన మాట మారదు కదా. వేరే డ్రైవర్ వస్తే నాగప్ప ఇంటికి పోవలసిందే.

దోహాలోని అల్ హిలాల్ పేటలో, మామా ఇంటి పక్క విల్లా మేడ మీద వసుంధర వాళ్లు అద్దెకుంటారు. పెళ్లికి ముందు ఆమె హైదరాబాద్ కాలేజీలో ప్రోగ్రామింగ్ చెప్పేది. భర్త ఉద్యోగంతో ఇక్కడికొచ్చి పన్నెండేళ్లయింది, చదివినదంతా అటకెక్కింది. ఆమె కూతురికి జ్వరం వచ్చిన రోజు మామా దగ్గర అనుమతి తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తించింది నాగప్పే. అది ఆమె మర్చిపోలేదు. గేటు పక్కన కుర్చీలో దిగులుగా స్పాంజి బంతి పిసుకుతున్న నాగప్పను చూసి, పాత ల్యాప్‌టాప్ దుమ్ము దులిపి, రెండు రోజుల్లో అతని కోసం ఒక ఆట రాసింది.

నల్లటి తెర మీద రెండు నిలువు గీతలు, అదే రోడ్డు. కింద ఒక చుక్క, అదే నాగప్ప బండి. పైనుంచి లారీలు దిగుతాయి. ఎడమ బాణమో కుడి బాణమో నొక్కి తప్పుకోవాలి. వసుంధర తనే ఆడి చూసుకుంది. మీటల మీద ఆమె వేళ్లు క్షణం నిలవవు కాబట్టి రోడ్డు బ్రహ్మాండంగా పరుగెత్తింది. ఇంకేం, బాగుందనుకుంది.

రోజూ నాలుగింటికి నాగప్ప వెళ్లి ఆమె భోజనాల బల్ల దగ్గర కూర్చునేవాడు. ఆమె వంటింట్లో పనిలో ఉండేది. గురువారం నాటికి నూరు లారీలకు నూరూ తప్పించుకున్నాడు.

వసుంధర తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "వందకు వంద! మీ చెయ్యి బాగైపోయిందన్నా!"

నాగప్పకు కళ్లు చెమర్చాయి. సంబరం పట్టలేక మళ్లీ మొదలుపెట్టాడు. మధ్యలో ఫోన్ మోగింది. మామా. మెట్ల మీదికి వెళ్లి మాట్లాడాడు. "జైన్ మామా, చెయ్యి బాగుంది. ఆదివారం నేనే వస్తా" అన్నాడు. జైన్ అంటే వాళ్ల అరబ్బీలో బాగుందని. ఆమె సంతోషించి మనవల కబుర్లన్నీ చెప్పుకొచ్చింది. పది నిమిషాలైనా పట్టి ఉంటుంది.

తిరిగి వచ్చి చూస్తే లారీ అక్కడే ఉంది. సరిగ్గా అతని చుక్క నెత్తిన, వదిలివెళ్లిన చోటే. నాగప్ప కూర్చున్నాడు. ఏమీ నొక్కకుండా యాభై దాకా లెక్కపెట్టాడు. లారీ ఇసుమంతైనా కదలలేదు.

అంటే ఆ నూరు లారీలూ అతను నొక్కేదాకా ఆగినవే. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మామా సంతోషంగా ఉంది, వసుంధర సంతోషంగా ఉంది, ఉద్యోగం నిలబడింది. ఆదివారం పొద్దున వెనక సీట్లో ముగ్గురు పిల్లలు కూర్చుంటారు. నాగప్ప మొహం తుడుచుకున్నాడు.

"అమ్మా, ఒకసారి ఇట్ల రామ్మా. ఈ లారీ నాకోసం నిలబడుకోనుండాది."

వసుంధర వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో! మీట నొక్కేదాకా ప్రోగ్రాం ఆగి కూర్చుంటోంది. నేను గబగబా ఆడేసరికి నాకు తెలియనే లేదన్నా."

"డి రింగ్ రోడ్డు మీద ఏ లారీ నాకోసం నిలబడ్తాదమ్మా?"

ఆమె కూర్చుని సరిచేసింది. "ఇప్పటిదాకా 'ఏ మీట?' అని మిమ్మల్ని అడిగి, జవాబు వచ్చేదాకా ఎదురుచూసేది. ఇప్పుడు సెకనుకు ఇరవైసార్లు ఊరికే తొంగిచూస్తుంది. నొక్కితే తీసుకుంటుంది, లేకపోతే దాని దారిన అది పోతుంది."

"అద్దం జూసినట్ల. బండి నిలబెట్టి అద్దం జూడం గదా, పోతానే జూస్తాం."

"అచ్చం అంతే అన్నా."

మూడో లారీకే గుద్దుకున్నాడు. మళ్లీ ఆడితే అయిదు. ఎంత కిందామీదా పడ్డా తొమ్మిది దాటలేదు. "లేనిపోని ఆశ పెట్టాను మీకు" అని వసుంధర మొహం చిన్నబుచ్చుకుంది.

నాగప్ప అక్కడే ఫోన్ తీశాడు. "మామా, నేను తప్పు చెప్పాను. చెయ్యి ఇంకా బాగవలేదు" అన్నాడు. నీకెలా తెలిసింది అని ఆమె అడిగితే, వచ్చీరాని అరబ్బీలో లారీ కథంతా చేతులు ఊపుతూ వినిపించాడు. ఫోన్లో చేతులు కనిపించవని గుర్తు లేదు పాపం. ఆమె నవ్వింది. "నెల రోజులు నా తమ్ముడు పిల్లల్ని దింపుతాడులే. నువ్వు ఆ లారీల సంగతి చూడు. యల్లా, కానియ్యి" అంది.

ఆ నెల్లో తొమ్మిది ఇరవై అయింది, ఇరవై యాభై అయింది. వసుంధర వారానికోసారి చెప్పకుండా వేగం పెంచేది. నాగప్ప కనిపెట్టి కూడా కనిపెట్టనట్టే ఆడేవాడు. నెల నిండేసరికి తొంభై మూడు.

ఆ తర్వాతి ఆదివారం నాగప్ప మళ్లీ బండి తీశాడు. మామా పక్కన కూర్చుంది, పిల్లలు వెనక. డి రింగ్ రోడ్డు మీద డెలివరీ బైకు ఒకటి కుడి నుంచి అడ్డంగా దూసుకొచ్చింది. నాగప్ప అనుకునేలోపే చెయ్యి స్టీరింగును కావలసినంత తిప్పి, మళ్లీ తిన్నగా తెచ్చేసింది. మామా ముందున్న డాష్‌బోర్డును గట్టిగా పట్టుకుని, మెల్లగా వదిలింది. నాగప్ప అద్దంలో చూశాడు. పిల్లలు ముగ్గురూ ఒకే ట్యాబ్ మీద కొట్లాడుకుంటున్నారు.

సాయంత్రం నాలుగింటికి మామా ఇచ్చిన ఖర్జూరాల డబ్బా పట్టుకుని వసుంధర గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, బైకోడు అడ్డమొచ్చినాడు. పిల్లోళ్లు తలకాయ గూడా ఎత్తలేదు" అన్నాడు.

ఆమెకు అర్థమై కళ్లలో నీళ్లు తిరిగాయి. డబ్బా అందుకోబోతుంటే నాగప్ప కుడిచేత్తోనే అందించాడు.

"నాకోసం నిలబడిన లారీని తీసేసినావు జూడు, ఆ మేలు బతికినన్నాళ్లు మర్సిపోనమ్మా."