ఆకుపచ్చ గుడ్డ మీద అమెరికా

నేను ఒక ఆకుపచ్చ గుడ్డను. అమెరికా వీధిలో నిలబడి లైవ్‌లో మాట్లాడుతున్న సుధీంద్ర ఛాతీలో అరచేతంత రంధ్రం పడిందనీ, అందులోంచి వెనకాల వీధి దీపం కనబడుతోందనీ ఆ పొద్దున మొదట కనిపెట్టింది మేకప్ చేసే హైమావతి.

రక్తం లేదు. నొప్పీ లేదు. రంధ్రంతోనే సుధీంద్ర గడగడా మాట్లాడుతున్నాడు. అతని సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి.

సిరిసిల్లలో ఒక మరమగ్గం మీద తెల్లగా పుట్టాను. రంగు తొట్టిలో ముంచి తీశాక ఇలా అయ్యాను. చేలల్లో కనిపించే ఆకుపచ్చ కాదు నాది, చూస్తే కళ్లు గుంజే ఆకుపచ్చ. మనిషి ఒంటిమీద ఎక్కడా లేని రంగు కాబట్టే నాకు ఉద్యోగం దొరికింది. నా ముందు మనిషిని నిలబెట్టి కెమెరా పెడితే, కంప్యూటర్ నన్ను చెరిపేసి నా చోట వేరే బొమ్మ పెడుతుంది. నా రంగున్నది ఏది నా ముందుకొచ్చినా అదీ చెరిగిపోతుంది.

నా మొదటి యజమాని కరీంనగర్‌లో ఫొటో స్టూడియో పెట్టుకున్న నర్సయ్య. కొత్త జంటల్ని నా ముందు కూర్చోబెట్టి కాశ్మీరు మంచులో ఫొటోలు తీసేవాడు. "జర చలి వెడ్తున్నట్టు దగ్గరికి జరుగున్రి" అనేవాడు. ఎండాకాలంలో చెమటలు కక్కుతూ వాళ్లు వణికేవాళ్లు. ఆయన నవ్వేవాడు, వాళ్లు నవ్వేవాళ్లు, తర్వాత ఆ ఫొటో చూసిన చుట్టాలూ నవ్వేవాళ్లు. అందరికీ తెలిసిన అబద్ధం అది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ప్రతి చేతిలోకీ కెమెరా ఫోను వచ్చాక నర్సయ్య కొట్టు మూసుకుని, నన్ను హైదరాబాద్‌లో ఒక న్యూస్ చానల్‌కు ఇచ్చేశాడు.

ఇక్కడ నా ముందు ఎవరూ నవ్వరు. తుపాను తీరాలు, యుద్ధాలు, వరదలు అన్నీ నామీదే జరిగాయి. ఎదురుగా ఉన్న మానిటర్‌లో ఎంత వెతుక్కున్నా నేను మాత్రం కనిపించను.

అమెరికా ఎన్నికలు వచ్చాయి. అక్కడి రాత్రి మనకు పొద్దు. మిగతా చానళ్లు మనుషుల్ని విమానం ఎక్కించాయో, నాలాంటి గుడ్డల్ని వేలాడదీశాయో నాకు తెలియదు. మా చానల్ మాత్రం సుధీంద్రకు అద్దె దుకాణం నుంచి ఒక ఉన్ని కోటు తెప్పించింది. మెడకు మఫ్లరు చుట్టి, జుట్టు ఎగరడానికి పక్కన టేబుల్ ఫ్యాను పెట్టారు. కాళ్లకు హవాయి చెప్పులు. కెమెరా నడుము కిందికి దిగదు కదా.

సుధీంద్రది ఒంగోలు. మంచి మాటకారి. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాడు, ఎంతసేపు సాగదీయమంటే అంతసేపు సాగదీస్తాడు. హైమావతిది జగిత్యాల. షూటింగ్ జరిగే స్టూడియో ఫ్లోర్‌లోనే ఒక మూల ఆమె అద్దం, కుర్చీ. ఆ పొద్దున అతని మొహానికి పౌడర్ అద్దుతూ ఆమె పట్టరాని సంబరంలో ఉంది.

"కండ్లు మూస్కో తమ్మీ. ఇయ్యాల లేక్‌బ్రిడ్జ్ ఊరి గురించి చెప్తవా? మా ఆయన గాడనే ఉంటడు. పాలపిట్ట హోటల్ల వంట. ఓట్లు లెక్కవెట్టే ఆఫీసుకు ఎదురుంగనే అట."

"చెప్తాలే అక్కా. బావని మన చానల్ చూడమను."

"ఆయనకేడ తీరుతది! ఫోను బీరువల వెట్టి పొయ్యి కాడికి వోవాలె. మా సింధూజ చూస్తది. నాన్న ఉండే ఊరు టీవీల వస్తదని కాలేజీ ఎగ్గొట్టింది దొంగముండ."

"నువ్వే ఎగ్గొట్టమనుంటావు."

"నేనెందుకంట? పొద్దుగాల లేపిన గంతే" అని ఆమె నవ్వింది. ఈ ఫ్లోర్‌లో చాలాకాలానికి నేను విన్న నవ్వు అది.

లైవ్ మొదలయ్యే ముందు అందరి ఫోన్లూ తలుపు దగ్గర బుట్టలో వేయాలి. మధ్యలో మోగకూడదని మా ఫ్లోర్ కట్టుబాటు. హైమావతి తన ఫోను కూడా వేసింది.

సుధీంద్ర అమెరికా నుంచి బాగానే మాట్లాడాడు. నామీద ఏదో నగరం, రాత్రి, దీపాలు. ఇంతలో ఫ్యాను గాలికి మఫ్లరు పక్కకు జారింది. కోటు పైజేబుకు సోకు కోసం ఒక పట్టు రుమాలు కుట్టి ఉంది. ఆకుపచ్చది. నా రంగే. అద్దె కోటును విప్పి చూసిన నాథుడు లేడు. కంప్యూటర్ నాతోపాటు దాన్నీ చెరిపేసింది. అదే ఛాతీలో రంధ్రం.

హైమావతి కెమెరా పక్కకు ఉరికి, గుండె మీద చెయ్యి వేసి సైగ చేసింది. సుధీంద్ర మఫ్లరు సర్దుకున్నాడు. కానీ అప్పటికే చూడాల్సినవాళ్లు చూశారు. బయట జనం ఫోన్లలో ఆ వీడియో ముక్క తిరగడం మొదలైంది. 'అమెరికా గాలి గుండెల్లోంచి పోతోంది', 'అన్నా, ఇంటికెళ్లి కుట్లు వేయించుకో' అని జనం పడీ పడీ నవ్వుతున్నారట.

వార్తలు నడిపించే ఎడిటర్ గోవర్ధన్ కంట్రోల్ రూమ్‌లో కూర్చుంటాడు. ఆయన గొంతు ఫ్లోర్‌లోని స్పీకర్లో ఖంగుమంది.

"పరువు పోయిందిరా నాయనా! ఆ రుమాలు గోల జనం మర్చిపోవాలి. పెద్దదేదన్నా ఉందా?"

"లేక్‌బ్రిడ్జ్‌లో కౌంటింగ్ ఆఫీసు దగ్గర కాల్పులని ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టారు సార్. కన్ఫర్మ్ కాలేదు" అంది ఇంకో గొంతు.

"చివర ప్రశ్నార్థకం పెట్టి వేసెయ్. పాత గొడవల విజువల్స్ ఏవన్నా లాగు."

ప్రశ్నార్థకం పెడితే అబద్ధం కాదని వీళ్ల నమ్మకం. నా మీదికి పరుగెత్తే జనం, అంబులెన్సులు వచ్చాయి. ఎప్పటివో, ఏ దేశానివో. ఏ బొమ్మ వేసినా నాకు బరువు తెలియదు.

అప్పటికి హైమావతి తన మూలలో, తర్వాత కూర్చోబోయే విశ్లేషకుడి బట్టతలకు మెరుపు తగ్గిస్తోంది. ఆయన ఆపకుండా తన ఉపన్యాసం ఆమెకే ముందు వినిపిస్తున్నాడు. అవతల సెట్లో యాంకర్ మధూలిక గొంతు పెంచింది.

"సుధీంద్రా, ఏ వీధిలో జరిగింది? మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

 సుధీంద్ర చెవిలోని ఇయర్‌పీస్‌ను వేలితో నొక్కుకున్నాడు. తర్వాత వరదలా వచ్చింది మాట. "అవును మధూలికా. కౌంటింగ్ ఆఫీసు ఎదురుగా ఉన్న పాలపిట్ట అనే తెలుగు హోటల్ వైపు తూటాలు దూసుకెళ్లినట్టు తెలుస్తోంది. వంటగదిలో పనిచేస్తున్న ఒక తెలుగు వ్యక్తి పరిస్థితి విషమంగా ఉందని సమాచారం."

బ్రేక్ పడింది. హైమావతి తువాలుతో వచ్చింది.

"గింత చెమట వట్టిందేంది తమ్మీ? ఎవలన్న గెలిచిన్రా ఏంది?"

సుధీంద్ర నోరు తెరిచాడు. ఆమె అతని ఎండిన పెదాలకు క్రీము రాసి, పౌడర్ అద్ది, కోటు జేబు రుమాలును కత్తెరతో తెంపి, తన మూలకు పోయింది.

బుట్టలో ఒక ఫోను వణుకుతూనే ఉంది. ఆగడం, మళ్లీ వణకడం.

సింధూజ తల్లికి చేసింది, ఎత్తలేదు. తండ్రికి చేసింది, ఎత్తలేదు. చానల్‌లో అబద్ధం ఎలా వండుతారో ఈ గదిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఇంట్లో కూర్చుని చూసే పిల్లకు తెలియదు. మా అమ్మ పనిచేసే చానల్ అని క్లాసంతా చెప్పుకునే పిల్ల. తల్లి దగ్గరికి రావడానికి స్కూటీ తీసింది. మా ఆఫీసు మలుపు దగ్గరే, ఆర్టీసీ బస్సు కింద పడింది.

కాసేపటికి అమెరికా నుంచి తండ్రి చంద్రయ్య ఫోన్ చేశాడు, బిడ్డ అన్నిసార్లు ఎందుకు చేసిందో అని. ఎత్తింది ట్రాఫిక్ కానిస్టేబుల్.

లేక్‌బ్రిడ్జ్‌లో కాల్పులు జరగలేదు. ఆఫీసులో మంటల అలారం పొరపాటున మోగి జనం బయటికొచ్చారు, అంతే. మా చానల్ ఆ మాట ఎక్కడా చెప్పలేదు. ప్రశ్నార్థకం పెట్టాం కదా. ఇంకో రాష్ట్రం ఫలితం రాగానే లేక్‌బ్రిడ్జ్ తెరమీద నుంచి జారిపోయింది. ఆ ఎన్నికలో ఎవరు గెలిచారో హైమావతికి ఇప్పటికీ తెలియదు.

విచారణ జరిగింది, నా ముందే కుర్చీలు వేసుకుని. హోటల్ పేరు ఎక్కడినుంచి వచ్చిందన్నది ప్రశ్న.

"కాల్పులు వెయ్యమన్నది నేనే. హోటల్ పేరు నేనన్లేదు. నా తల్లి మీద ఒట్టు" అన్నాడు గోవర్ధన్.

"చెవిలో వినిపించింది సార్. ఎవరి గొంతో గుర్తుపట్టలేదు" అన్నాడు సుధీంద్ర.

చివరికి డెస్క్‌లో పనిచేసే ఒకతన్ని ఇంటికి పంపారు. అతను ఆ రోజు క్రికెట్ వార్తలు రాస్తున్నాడని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత సెట్‌లో గోడంత తెర బిగించారు. ఇప్పుడు ఏ దేశమైనా దానిమీదే వెలుగుతుంది. నన్ను మడిచి స్టోర్ గదిలో, విరిగిన కుర్చీల మీద పడేశారు. ఉన్ని కోటు కూడా నా పక్కనే ఉంది. అద్దె దుకాణం వాడు దాన్ని వెనక్కి తీసుకోనన్నాడట.

హైమావతి మళ్లీ పనిలోకి రాలేదు. మొన్న తన మేకప్ పెట్టె తీసుకుపోదామని ఈ స్టోర్ గదికి వచ్చింది. మనిషి సగమైంది. అటక మీది పెట్టె దింపిపెట్టడానికి సుధీంద్ర వెంట వచ్చాడు. పెట్టె చేతికిచ్చినా ఆమె కదల్లేదు. నా అంచు పట్టుకుని నిలబడింది.

"తమ్మీ, నేను ఎవల మీద కేసు వెట్ట. నా బిడ్డ విన్న గా హోటల్ పేరు నీ చెవుల చెప్పిందెవలో తెల్వక నాకు నిద్ర వడ్తలేదు. అన్నం దిగుతలేదు. మల్లొక్కపారి యాది చేస్కో. గాయన గొంతు ఎట్లున్నది? ముసలోనిదా, పిలగానిదా?"

సుధీంద్ర గది తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.  

"నా చెవిలో ఎవరూ ఏం చెప్పలేదక్కా. 'సాగదియ్' అన్నారు, అంతే. మధూలిక ఏ వీధి అంది. ఆ ఊరు ఎక్కడుందో కూడా నాకు తెలీదు. ఆ ఊళ్లో నాకు తెలిసిన పేరు అదొక్కటే. పొద్దున పౌడర్ అద్దుతూ నువ్వే చెప్పావు. నోటికి అదొచ్చింది. అనేశాక తెలిసింది, ఎవరి గురించి అన్నానో. బ్రేక్‌లో నువ్వొచ్చావు. చెమట పట్టిందేంది అన్నావు. అప్పుడు చెప్పుంటే బుట్టలోంచి ఫోన్ తీసుకుని ఇంటికి చేసేదానివి. సింధూజ అప్పటికి గడప దాటి కూడా ఉండదు. చెబుదామనే నోరు తెరిచానక్కా. పెదాలు ఎండిపోయాయని తెరిచాననుకున్నావు నువ్వు. క్రీము రాశావు. రాయించుకుని, మళ్లీ లైవ్‌లోకి వెళ్లిపోయాను."