కళ్ళజోడు ఉంటేనే వినపడేది

గుండీలక్క సూదిలో దారం ఎక్కించి, ముడి వేసి, చొక్కాను ఒళ్ళో పరుచుకుంది. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, చివర గుండీ కింద దారం చుట్టి తెంపడం. ఆ కుట్టు కార్ఖానాలో ఆమె చేసే పని అంతే. వేళ్ళ చివర్లు గరుకెక్కి, చిన్న గుండీని తాకి చూస్తేనే తిరగబడిందో లేదో చెప్పగలదు. అసలు పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

పక్క మిషను ఖాళీగా ఉంది. అది కాలరమ్మది. కాలర్లు కుడుతుంది కాబట్టి ఆ పేరు. చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. తను మాత్రం హాలంతా వినేటట్టు మాట్లాడుతుంది. నిన్న సాయంత్రం కుడుతూ కుడుతూ గుండె పట్టుకుని ఒరిగిపోయింది. వాళ్ళన్నయ్య వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అన్ని మిషన్లూ గోడ వైపు ఉంటే, ఆమెదొక్కటే గుమ్మం వైపు ఉంటుంది. పూర్వం అదీ గోడ వైపే ఉండేది. ఒకరోజు ఎవరో వెనక నుంచి భుజం తడితే ఉలిక్కిపడి సూదిని వేలిలో దించుకుంది. మర్నాడు ఆమే, గుండీలక్కా కలిసి మిషన్ను ఈడ్చి తిప్పేశారు.

"ఇదేంటమ్మా, వరస చెడగొట్టారు?" అన్నాడు సూపర్‌వైజరు. ఆయన మీసం పై పెదవిని పూర్తిగా మూసేసేది.

"సార్, మీ మాటలు మీసంలోనే చిక్కుకుపోతున్నాయి. కత్తిరించుకొచ్చి తిట్టండి," అంది కాలరమ్మ.

వారం తిరక్కుండానే మీసం పొట్టిదైంది. మిషను తిప్పిన చోటే ఉండిపోయింది.

టీ వేళకు గుండీ ఒకటి జారి ఆ మిషను కిందికి దొర్లింది. వంగి వెతుకుతుంటే గుడ్డముక్కల మధ్య కళ్ళజోడు కనపడింది. విరిగిన కాడకు తెల్లదారం చుట్టి ఉంది. ఆ దారం చుట్టింది తనే.

గుండీలక్క అలాగే నేల మీద కూర్చుండిపోయింది. 'ఉండవే, కళ్ళజోడు పెట్టుకోనీ, వినపడట్లేదు' అనేది కాలరమ్మ. కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. అద్దాలు లేకపోతే ఆమెకు పెదాలు మసక. నిన్నటి హడావుడిలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

అన్నయ్యకు ఫోన్ చేసింది.

"డాక్టర్లు అడిగినవాటన్నిటికీ తలూపుతోందమ్మా. నొప్పి ఉందా అంటే ఊపుతోంది, తగ్గిందా అన్నా ఊపుతోంది."

"అద్దాలు నా దగ్గరున్నాయి అన్నయ్యా. సాయంత్రం తెస్తా. అందాకా పెద్ద పెద్ద అక్షరాలతో రాసి చూపించండి."

"ఇప్పుడే వెళ్ళిపోమ్మా, నేను చూసుకుంటాలే," అన్నాడు పక్కనే ఉన్న సూపర్‌వైజరు.

ఆమె లేచింది. మళ్ళీ కూర్చుంది. మధ్యాహ్నం మేనేజరు పెట్టిన సభ ఉంది. ఒకసారి అగ్నిప్రమాదం గంట మోగితే అందరూ బయటికి పరుగెత్తారు. కాలరమ్మ ఒక్కతే వంచిన తల ఎత్తకుండా కుడుతూ కూర్చుంది. గుండీలక్క వెనక్కి పరుగెత్తుకెళ్ళి తీసుకొచ్చింది. అప్పటినుంచీ కాలరమ్మ అడుగుతోంది, గంటతో పాటు వెలిగే దీపం పెట్టండని, సభలో మాటలు తెర మీద రాయించండని. దానికి జవాబు ఇవాళ చెప్తామన్నారు. నిన్న స్ట్రెచర్ మీద కూడా ఆమె అన్నది అదే: "రేపు వాళ్ళన్నదంతా నాకు చెప్పాలి. కత్తిరించావంటే ఊరుకోను."

'ఏం లేదులే, తర్వాత చెప్తా' అంటే ఆమెకు ఒళ్ళు మండేది. "నా బతుకంతా ఆ తర్వాతలోనే ఉందే," అనేది.

"విని వెళ్తాను సార్. వినకుండా వెళ్తే గుమ్మంలోంచే వెనక్కి తరుముతుంది," అంది గుండీలక్క.

సభలో ముందు వరసకు వెళ్ళి, అలవాటుగా కుర్చీని వెనక్కి తిప్పుకుని, వేదికకు వీపు పెట్టి కూర్చుంది. ఇన్నేళ్ళూ అలాగే కూర్చుని, కాలరమ్మకు ఎదురుగా, గొంతు లేకుండా పెదాలతో ప్రతి మాటా అందించింది. ఇవాళ ఎదుటి కుర్చీలో ఎవరూ లేరు. మెల్లగా లేచి కుర్చీ తిప్పుకుంది. వేదికను సరిగ్గా చూడటం అదే మొదలు. తెర రంగు వెలిసింది. మేనేజరు తను అనుకున్నంత పొడుగు కాదు.

ఆయన దగ్గాడు. నీళ్ళు తాగాడు. "ప్రతి మిషను దగ్గరా గంటతో పాటు వెలిగే ఎర్రదీపం పెట్టిస్తున్నాం. ఇకమీదట సభల్లో మాటలన్నీ తెర మీద వస్తాయి. ఇది ఎప్పుడో చేయాల్సింది. అడిగినావిడ ఇవాళ మన మధ్య లేరు, తొందరగా కోలుకుని రావాలి."

గుండీలక్క పెదాలు ఆ మాటలను ఒక్కొక్కటే దాచుకున్నాయి. బస్సులో కూడా అవి కదులుతూనే ఉన్నాయి. పక్కనున్నావిడ ఒకసారి వింతగా చూసి, కాస్త జరిగి కూర్చుంది.

వార్డు బయట బెంచీ మీద ఉన్న అన్నయ్య ఆమెను చూసి లేచాడు.

"ఇందాకే పోయిందమ్మా."

గుండీలక్క కళ్ళజోడు బయటికి తీసింది.

"నువ్వొస్తున్నావని రాసి చూపించాను. అర్థమైంది, నవ్వింది. తర్వాత డాక్టరు నాతో ఏదో మాట్లాడుతుంటే మా ఇద్దరి ముఖాలూ చూసి, 'ఏంటన్నయ్యా, ఏమంటున్నాడు?' అంది." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ మాట దానికెలా చెప్పను? ఏం లేదులే, తర్వాత చెప్తా అని రాశాను. కళ్ళు మూసుకుంది."

గుండీలక్క లోపలికి వెళ్ళి స్టూలు దగ్గరగా లాక్కుంది. అద్దాలు చేతిరుమాలుతో తుడిచి కాలరమ్మ ముఖానికి పెట్టింది. ఎదురుగా వంగి, గొంతు లేకుండా మొదలుపెట్టింది. ఆయన దగ్గాడని చెప్పింది. నీళ్ళు తాగాడని చెప్పింది. దీపం ఎర్రదని చెప్పింది. ఒక్క మాట కత్తిరించలేదు.

అంతా అయ్యేదాకా గుమ్మం దగ్గరే నిలబడిన నర్సు అప్పుడు వచ్చి, కళ్ళజోడు మెల్లగా తీసి పక్కబల్ల మీద పెట్టి, దుప్పటి పైకి లాగింది. తెల్లదారం చుట్టిన కాడ పూర్తిగా మడత పడలేదు. అద్దాలు రెండూ గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.