ఏడు నిమిషాల చావు

తన భార్య ఫిలోమినా చచ్చిపోయిందనీ, కాబట్టి తనకు మళ్లీ పెళ్లి చెయ్యమనీ బాలశౌరి ఫాదర్‌గారికి అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ పట్టుకుని బయలుదేరే ముందు అతను తిన్న జొన్నన్నం, గోంగూర పచ్చడి ఆ చచ్చిన మనిషి చేతి వంటే. రెండోసారి అడిగి మరీ వడ్డించుకుని తిన్నాడు, సిగ్గులేని మనిషి.

సంగతేమిటంటే, నాలుగు నెలల కిందట, అంటే అరవై నాలుగో సంవత్సరం మొదట్లో, ఫిలోమినాకు మద్రాసు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం మొదట్లోనే ఇరుకుపడిందట. మిరపచేలో కాయలు కోస్తూ రెండుసార్లు సొమ్మసిల్లి పడిపోయింది. గుంటూరు డాక్టర్లు మద్రాసు పొమ్మన్నారు. అక్కడ మత్తిచ్చి, మంచుగడ్డలు వేసిన నీళ్ల తొట్టిలో పడుకోబెట్టి ఒళ్లు చల్లబరిచి, గుండెకు వచ్చే రక్తాన్ని ఏడు నిమిషాలు ఆపి, నాళం కోసి ఇరుకు తీసి కుట్టారు. ఆసుపత్రివాళ్లిచ్చిన ఇంగ్లీషు కాయితంలో ఆ ఏడు నిమిషాల ముచ్చట కూడా రాసి ఉంది. దాన్ని రొంపిచెర్ల కాంపౌండరు బాలశౌరికి తెలుగులో చదివి వినిపించాడు. వినిపించకపోయినా బాగుండేది.

రెండేళ్లదాకా కాన్పు వద్దని డాక్టర్లు చెప్పారు. పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండలేదని బాలశౌరికి అప్పటికే గుర్రు. ఇంతలో ఎడ్లపాడులో ఉన్న అతని మేనత్త ఒక పిల్లను చూసిపెట్టింది. కతోలిక పెళ్లి, విడాకులు కుదరవు. చావు విడదీసేదాకా అని దేవుడి ముందు ప్రమాణం చేసిన పెళ్లి. సరే, చావే అయింది కదా, ఏడు నిమిషాలైనా చావు చావే కదా, ప్రమాణం తీరిపోయింది కదా అని అతనికి తోచింది. ఈ తెలివి ఏ ముహూర్తాన పుట్టిందో గానీ, ఊళ్లో దాన్ని విని నవ్వినవాళ్లు తక్కువ. తల గోక్కుంటూ "నిజమే గదా" అన్నవాళ్లే ఎక్కువ.

ఆదివారం పూజ అయ్యాక ఫాదర్‌గారి బంగళా వసారాలో పెద్దమనుషులు కూర్చున్నారు. ఫిలోమినా, తన తల్లి హన్నమ్మతో కలిసి మెట్ల దగ్గర నిలబడింది. రొమ్ము కోసి కుట్టిన మనిషికి ఒక ముక్కాలిపీట వెయ్యాలని ఒక్కరికీ తట్టలేదు. చచ్చినవాళ్లకు పీటలెందుకు అనుకున్నారో ఏమో. అయినా ఆమె గెలవాలనే వచ్చింది. ఆ ఇల్లు తనది, తను అలికింది, తను నిలబెట్టింది. దాన్ని ఎడ్లపాడు పిల్లకు వదిలేసి పోవడానికి ఆమె సిద్ధంగా లేదు.

"రక్తం ఆగిందా లేదా, అది చెప్పమ్మాయ్," అన్నాడు సంఘపెద్ద జక్కయ్య.

"ఆగలేదు పెదనాన్నా. ఆపారు."

"ఎవరాపినా ఆగినట్టేగా. ఒళ్లు చల్లబడి, రక్తం ఆగిపోతే మనూళ్లో ఏమంటాం?"

తలలూగాయి. వెనక కూర్చున్న ముసలాయన ఒకాయన మెల్లిగా, ఆ ఏడు నిమిషాలూ ఆత్మ ఎక్కడుందని అడిగాడు. మోక్షం కనపడిందా, పాపాలు కడిగే ఉత్తరించే స్థలం కనపడిందా అని ఇంకొకాయనకు అనుమానం. గడ్డాలు నెరిసిన మనుషులు, పిల్లల్ని కన్న మనుషులు, ఎదురుగా నిలబడి ఊపిరి పీలుస్తున్న ఆడమనిషిని పట్టుకుని శవమా కాదా అని తర్కించుకుంటున్నారు. ఫిలోమినాకు ఒళ్లు మండిపోయింది.

"నేను చెప్తా, వినండి," అంది. "మామూలుగా మూడు నాలుగు నిమిషాలు రక్తం అందకపోతే మెదడు చెడిపోద్దంట. ఒళ్లు చల్లగా ఉంటే దానికి రక్తం అవసరం తగ్గుద్దంట, ఇంకాసేపు ఓర్చుకుంటదంట. అందుకే మంచులో పెట్టారు. పనయినాక వేడినీళ్లతో మళ్లీ వెచ్చబరిచారు. అక్కడి నర్సమ్మ నాకు మూడుసార్లు చెప్పింది. నన్ను చంపి బతికించలేదు. చావకుండా చల్లబరిచారు."

"ఆ నర్సుల వేళ్లు చూశా నేను," అంది హన్నమ్మ. "మంచుగడ్డలు పట్టుకుని పట్టుకుని పాలిపోయినయ్యి. ఒకమ్మాయి చంకల్లో చేతులు పెట్టుకుని వణుకుతా బయటికొచ్చింది. కన్నబిడ్డకు చేసినట్టు చేశారయ్యా."

ఫాదర్‌గారు బాలశౌరి వైపు తిరిగాడు. "ఆ ఏడు నిమిషాలూ నువ్వెక్కడున్నావు?"

బాలశౌరి తుండుగుడ్డ సర్దుకున్నాడు. "మ్యాటినీకి పోయా ఫాదర్. లోపలికి ఎట్టాగూ రానీరు. అక్కడ కూచుని చేసేదేముంది?"

"నీ భార్య చచ్చిందని నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన నెల్లో. కాంపౌండరు చదివి చెప్పినప్పుడు."

"అంటే మూడు నెలలు శవంతో కాపురం చేశావన్నమాట."

అప్పుడు నవ్వారు అందరూ. జక్కయ్య కూడా నవ్వాడు, తానేదో మొదటినుంచీ అదే అంటున్నట్టు. ఫాదర్‌గారు అర్జీ నాలుగు ముక్కలు చేశాడు. ఫిలోమినా బతికే ఉంది, పెళ్లి నిలిచే ఉంది, ఇంకో మాట లేదు అన్నాడు. గెలిచాననుకుని ఆమె గుండెనిండా గాలి పీల్చుకుంది.

అక్కడితో ఆపితే ఆయన సొమ్మేం పోయింది? ఆపలేదు. గొంతు మెత్తగా చేసుకుని ఆమెతో అన్నాడు. "మగవాడు, ఏదో తొందరపడ్డాడు. మనసులో పెట్టుకోకమ్మా. క్షమించి, ఇంటికి పోయి సర్దుకుని బతుకు."

బతికున్న మనిషిని చచ్చిందన్నవాడికి ఒక్క మందలింపు లేదు. సర్దుకోవాల్సింది ఆమెట. పెద్దలంతా అవునవునన్నారు. బాలశౌరి లేచి, ఏమీ జరగనట్టే "పదవే" అన్నాడు.

ఫిలోమినా కదల్లేదు.

"పెళ్లి ఉందన్నారు, ఉండనీయండి ఫాదర్. తెంపమని నేనడగను. ఆ ఇంటికి మాత్రం పోను."

"అదేంది మళ్లీ? ఇప్పుడేగా నీ పక్షాన చెప్పారు," అన్నాడు జక్కయ్య.

"మద్రాసులో నా రక్తం ఆపినోళ్లు గడియారం చూసుకుంటా నిలబడ్డారంట పెదనాన్నా, ఎప్పుడెప్పుడు వదలాలా అని. ఒక్క నిమిషం ఎక్కువైతే నేనేమైపోతానో అని వాళ్లకు చెమటలు పట్టినయ్యంట. వాళ్లకు నేనేమవుతాను? ఊరూ పేరూ తెలీదు. ఈయన నాకు తాళి కట్టినోడు. ఈయనా లెక్కేశాడు ఆ నిమిషాలు, నన్ను పూడ్చటానికి సరిపోతయ్యా లేదా అని. పూడ్చటానికొచ్చినోడి పక్కన నేనెట్టా పడుకునేది? మీరు చెప్పండి ఫాదర్, నేర్చుకుంటాను."

ఫాదర్‌గారు వంగి, చింపిన అర్జీ ముక్కలు ఏరుకోసాగాడు.

ఆమె మెట్లు దిగింది. తల్లిది మాచవరం. బస్సు ఎక్కాలంటే రోడ్డుదాకా మైలున్నర నడవాలి. ఎండ అప్పుడే ముదురుతోంది.

"నెమ్మదిగా నడువే తల్లీ, ఆయాసమొస్తది," అంటూ హన్నమ్మ వెనక పరుగెత్తింది.

ఫిలోమినా నెమ్మదించలేదు. రోడ్డెక్కి వెనక్కి తిరిగి తల్లికోసం నిలబడింది. పెళ్లయ్యాక అంత దూరం ఆయాసం లేకుండా నడవడం ఆమెకు అదే మొదటిసారి.