అచ్చులో పడ్డ మాట

రెండో ప్రపంచయుద్ధం ఆగిన ఏడాది, నా పదిహేనో ఏట, మొదటిసారి ఒక నవల చదివాను. చదవకపోయుంటే బాగుండేది.

అది పిల్లల నవల, ఏదో దూరదేశపు కథకు తెలుగు. పడవలో వెళ్లిన తండ్రి కోసం ఒక పిల్ల ఒడ్డున ఎదురుచూస్తుంది. నేను చదవడానికి ఐదేళ్ల ముందు మా అన్న మల్లేశ్వర్ దాన్ని శంషాబాద్ గ్రంథాలయం నుంచి తెచ్చి, పల్లికాయ వలుస్తున్న అమ్మకు రోజూ కొంత చదివి వినిపించాడు. సముద్రమంటే హిమాయత్‌సాగర్ చెరువు కన్నా కొంచెం పెద్దదనుకుంది అమ్మ. పదేళ్లకు ఆ తండ్రి తిరిగొచ్చాడని అన్న కథ ముగించాడు.

మా బాపు ఈశ్వరయ్యను అన్న ఆ కథ చదవడానికి రెండేళ్ల ముందే దొర మనుషులు వెట్టికి పట్టుకుపోయారు, కందుకూరు వైపు మూటలు మోయడానికి. అక్కడ కలరా. పోయిన నలుగురిలో ఒక్కడూ రాలేదు. దినాలు చేసెయ్యమని చిన్నాయన సత్తయ్య ఎంత మొత్తుకున్నా అమ్మ గాజులు తియ్యలేదు.

“ఆ పిల్ల బాపు పదేండ్లకు రాలేదా? అచ్చులో పడ్డది అబద్ధమైతదా? ఇగ మూడేండ్లే ఉన్నయ్,” అనేది ఆ ఏడాది.

రోజూ బాపు వంతు ఒక జొన్నరొట్టె గంప కింద దాచేది. తెల్లారితే అది కుక్కకు. అన్న షాద్‌నగర్ మిల్లులో పనికి పోయాడు. అర్ధాకలి నాకు మిగిలింది. ఆ కుక్కను చూస్తే నాకు ఒళ్లు మండేది.

గ్రంథాలయంలో చదువు చెప్పే స్వరాజ్యం అక్క దగ్గర ఏడాది అక్షరాలు దిద్దాను. ఏ పుస్తకం కావాలని ఆమె అడిగితే ఆ నవలే అడిగాను. కూడబలుక్కుంటూ పదకొండు రోజులు చదివాను. చివర్లో పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. తండ్రి రాలేదు. ఆ పేజీ మళ్లీ చదివాను. రాలేదు. అమ్మ ముఖం చూసి అన్న అబద్ధం చదివి తన దారిన తాను పోయాడు. ఆ అబద్ధంతో ఇంట్లో బతికింది నేను.

ఆ మధ్యాహ్నమే పుస్తకం తెచ్చి అమ్మను కూర్చోబెట్టాను.

“అమ్మా, ఆ కథ ఆఖరు నేను సదువుత, ఇను.”

అమ్మ మురిసిపోయి పక్కింటి లింగమ్మను కూడా పిలిచింది. “మా బిడ్డ సదువుతదట, జర రా అక్కా!”

వేలు పెట్టుకుని, ఒక్క ముక్క వదలకుండా చదివాను. పడవ చెక్కల దగ్గరికి వచ్చాను. అయినా ఆపలేదు.

లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ నా వంక జాలిగా చూసింది. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని మెల్లగా మూసింది.

“ఏడాది సంది పోతున్నవ్ గని,” అంది, “నీకు సదువు రాలే బిడ్డా.”