ఆయన చెప్పే జవాబు

మా ఆయన తెల్ల చొక్కాకి ఊడిన బొత్తాం కుడుతుంటే సూది వేలిలో దిగింది. దిగినట్టు నాకు తెలియలేదు. బట్ట మీద ఎర్రటి చుక్క చూశాకే తెలిసింది. "తెల్ల చొక్కా కదా, కాస్త చూసుకోవద్దూ," అన్నారాయన. ఆయన మరకను చూస్తున్నారు, నేను నొప్పి లేని వేలిని చూస్తున్నాను. మళ్ళీ వచ్చేసింది అనుకున్నాను.

రొమ్ము క్యాన్సర్‌కి కీమో పూర్తయి అప్పటికి మూడు నెలలు. ఇంట్లో అందరికీ అది గడిచిపోయిన కథ. ఆఖరి మందు ఎక్కిన వారానికే అత్తగారు "ఇంక నీ వంట నువ్వు చేసుకోవచ్చుగా" అన్నారు; నా వంటంటే నలుగురి వంట. నడుములో, ఎముక లోపలెక్కడో సలుపు. నేను పనిచేసే లైబ్రరీలో ఒక పేజీ తిప్పబోతే రెండు వస్తున్నాయి, రోజూ చూసే పుస్తకాల పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. "జబ్బు తగ్గింది గానీ సెలవుల మీద ప్రేమ తగ్గలేదు," అని మా పైఅధికారి జోకు. ఎముకల్లోకి పాకిందా, తలకెక్కిందా అని బట్టలు ఆరేస్తూ, గిన్నెలు కడుగుతూ, అందరికీ నవ్వుతూ జవాబులు చెబుతూ ఆరు వారాలు లోపల్లోపలే చచ్చాను.

డాక్టరమ్మకి చెప్పొచ్చుగా అంటారేమో. ఆవిడ "ఎలా ఉంది?" అని నన్నే అడుగుతుంది. జవాబు పక్క కుర్చీలోంచి వస్తుంది: "బానే ఉందండీ. పనులన్నీ తనే చేసుకుంటోంది." ఆయన చెడ్డవారేం కాదు. నా బదులు మాట్లాడటమే ప్రేమ అనుకుంటారు. పాతికేళ్ళు నేనూ అలాగే అనుకున్నాను.

కిందటిసారి బరువు చూసే నర్సు దగ్గర మాత్రం ఆయన లేరు, బండి పెట్టడానికి వెళ్ళారు. మెషీన్ మీద నిలబడి, గోడకేసి చూస్తూ ఆమెకి అంతా చెప్పేశాను. ఆమె రాసుకుంది. అందుకే స్కాన్లు తీశారు. వాటి ఫలితం ఇవాళ.

డాక్టరమ్మ గది తలుపు దగ్గర ఆయనతో "మీరు బయట కూర్చోండి" అన్నాను.

"అదేంటి, నేను లేకుండానా?"

"ఊఁ."

ఎముకల్లో ఏమీ లేదు, తలలో ఏమీ లేదు. "జబ్బు తిరగబెట్టలేదమ్మా," అంది డాక్టరమ్మ. "వేళ్ళు మొద్దుబారడం కీమో మందు నరాల మీద చేసిన పని. మతిమరుపూ దాని చలవే. నడుంనొప్పి ఇప్పుడు వేసుకుంటున్న హార్మోన్ మాత్రల వల్ల కావచ్చు, మార్చి చూద్దాం. చాలామందికి నెమ్మదిగా తగ్గుతాయి. ఇలాంటివి వస్తే వెంటనే చెప్పాలి, మీకు మీరే తేల్చేసుకోకూడదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. ఆవిడ బల్ల మీది టిష్యూల డబ్బా ఖాళీ చేశాను. ఒళ్ళు దూదిలా తేలికైపోయింది. సలుపు ఉన్నచోటే ఉంది, కానీ అదిప్పుడు ఉత్త నొప్పి. దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

బయట ఆయన పాలిపోయిన మొహంతో లేచి నిలబడ్డారు. "తిరగబెట్టలేదు," అన్నాను. కళ్ళు తుడుచుకున్నారు. వెంటనే ఫోన్ తీసి అత్తగారికి కలిపారు. "ఏం లేదటమ్మా. అంతా బానే ఉంది. సాయంత్రం నుంచి మామూలే..."

ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

"అత్తయ్యా, క్యాన్సర్ లేదు. తక్కినవన్నీ ఉన్నాయి. ఏమేం ఉన్నాయో ఇంటికొచ్చి నేను చెప్తాను. వంట చేస్తూ మీ అబ్బాయి వింటారు."