ఆరంగుళాల కంకర

మేస్త్రి వరండాలో మూడు నమూనాలు పరిచాడు: సిమెంటు పలక, ఇంటర్‌లాకింగ్ బిళ్ల, గుప్పెడు కంకర. గేటు నుంచి పోర్టికో దాకా కారు తిరిగే దారి నలభై అడుగులు. బిళ్లలు వేయిస్తే ఇరవయ్యేళ్లు వెనక్కి తిరిగి చూడక్కర్లేదని చెప్పాడు.

"కంకర పొయ్యి. ఆరంగుళాల మందం," అన్నాడు ఇంటాయన.

చక్రాల కుర్చీలో ఉన్న ఆయన భార్య గేటు వైపు చూసింది.

మేస్త్రి నసిగాడు. "మూడు చాలండి. అంత పోస్తే అమ్మగారి కుర్చీ కూరుకుపోతుంది."

"మీ అమ్మగారు ఎక్కడికెళ్లాలయ్యా, పరుగు పందేనికా?"

ఆయన నవ్వాడు. మర్యాద కోసం మేస్త్రీ నవ్వాడు.

మెట్ల మీంచి పడిందని ఆయన అందరికీ చెప్పినప్పటి నుంచి ఆమె వెళ్లేది గేటు దాకానే. సాయంత్రాలు అక్కడ ఎదురింటి నర్సుతో కాసేపు కబుర్లు. మొన్న ఆ నర్సు గొంతు తగ్గించి, కుర్చీలో కూర్చున్న మనిషికి మెడ మీద వేళ్ల గుర్తులెలా పడ్డాయని అడిగింది. ఆమె నోరు విప్పేలోగా వెనక నుంచి భర్త కుర్చీని లోపలికి లాక్కుపోయాడు. మర్నాడే మేస్త్రికి కబురు వెళ్లింది. రిపేరుకని తీసుకెళ్లిన ఆమె ఫోను ఇంకా తిరిగి రాలేదు.

పని మూడు రోజులు నడిచింది. ఆయన ఆఫీసుకు వెళ్తూ తలుపుకు తాళం వేసేవాడు. రెండో రోజు మేస్త్రి మంచినీళ్లడిగితే ఆమె కిటికీ ఊచల్లోంచి చెంబు అందించింది. అతని చూపు ఆమె మెడ మీద పడింది. ఎత్తిన చెంబు దించాడు.

"మా చెల్లి కూడా మెట్ల మీంచి పడిందనే దాని అత్తింటివాళ్లు చెప్పారమ్మా. మేం అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అది లేదు."

ఎవరికైనా చెప్పమంటారా అన్నాడు. ఎవరొచ్చినా ఆయన నవ్వుతూ మాట్లాడి పంపేస్తాడనీ, తనే గేటు దాటాలనీ ఆమె చెప్పింది.

మూడో రోజు ఖాళీ చెంబు తిరిగిస్తూ మేస్త్రి మెల్లగా అన్నాడు. "ఎడమ గోడ వార గేటు దాకా మూడడుగుల వెడల్పున అడుగున సిమెంటు పోశాను. పైన కనబడేది ఒక్క పొర కంకరే. గోడను వదలకండి."

సాయంత్రం భర్త కుర్చీని దారి మధ్యకు తోసి చూశాడు. చక్రాలు సగం దాకా దిగబడ్డాయి. "అయ్యో పాపం," అని ఆమెను అక్కడే వదిలి, లోపలికెళ్లి తీరిగ్గా టీ తాగి వచ్చాడు.

ఆదివారం పొద్దున ఆయన స్నానానికి వెళ్లాడు. ఆమె కుర్చీని పోర్టికో వాలు మీంచి దింపి గోడకు ఆనించింది. చక్రం కదిలింది. దిగబడలేదు. కానీ కంకర కరకరమంది. పది అడుగులు. ఇరవై. లోపల కుళాయి ఆగింది.

ఆయన తువ్వాలు చుట్టుకుని, ఉత్త కాళ్లతో, అడ్డదారిన కంకరలోకి ఉరికాడు. నాలుగు అంగల్లోనే కాలు చీలమండ దాకా దిగి బోర్లా పడ్డాడు. కొత్త కంకర అంచులు కత్తుల్లా ఉన్నాయి. లేచి, మళ్లీ పడ్డాడు. బంగారం, ఆగు, చెప్పేది విను అని బతిమాలాడు. ఆమె తల తిప్పలేదు. అరచేతులు చీరుకుపోతున్నా చక్రాలు వదలకుండా వెళ్లి గేటు గడియ తీసింది.

ఎదురింటి వాకిట్లో నర్సు స్కూటర్ తుడుస్తోంది.

"వదినా, మెట్ల మీంచి నేను పడలేదు. ఈయనే తోశాడు."

వెనక కంకర చప్పుడు ఆగిపోయింది.